రెక్కాడినంత కాలము: బీడీలు చుట్టు చేతుల నొప్పిని గురించి

"రెక్కాడితే గాని డొక్కాడదు" అని మన పెద్దలు చెప్పిన సామెత. బీదవాని కష్టమును చెప్పవలసి వచ్చినప్పుడెల్ల మనము ఈ మాటను వాడుచుందుము. కాని ఆడుచున్న ఆ రెక్కకే నొప్పి పుట్టి, అది ఆడలేని స్థితికి వచ్చినచో ఆ ఇంటి గతి ఏమగునో సామెత చెప్పలేదు. సామెత చెప్పక విడిచిన ఆ సంగతియే ఈ వ్యాసమునకు విషయము.

మన కళాశాలలో చదువుచున్న వారిలో అనేకుల ఇండ్లలో ఒక చాట, ఒక కత్తెర, ఒక దారపు ఉండ ఉండును. తెల్లవారి వంట ముగియగనే తల్లి ఆ చాటను ఒడిలో పెట్టుకొని కూర్చుండును. తిరిగి దీపములు పెట్టు వేళకు గాని అది ఒడి దిగదు. మన పుస్తకములు, బస్సు ఖర్చులు, పరీక్ష రుసుములు చాలవరకు ఆ చాటలోనుండియే వచ్చినవి. మనము కూడ చిన్ననాట బడి నుండి రాగానే ఆ చాట ప్రక్కన కూర్చుండి ఆకులు కత్తిరించిన వారమే. కావున ఈ విషయము మనకు క్రొత్తది కాదు. క్రొత్తగా తెలిసికొనవలసినది, ఆ చేతులలోపల ఏమి జరుగుచున్నదో అను సంగతి మాత్రమే.

మన ప్రాంతము - మన పని

కరీంనగర్, ఆదిలాబాదు జిల్లాలు 2016 అక్టోబరులో ఎనిమిది జిల్లాలుగా విభజింపబడినవి. పేర్లు మారినను ఈ ప్రాంతపు బ్రతుకుతెరువులు మారలేదు. గోదావరికి ఉత్తరమున ఆదిలాబాదు అడవులలో తునికి చెట్లు విస్తారముగా ఉన్నవి. వేసవిలో ఆ చెట్ల లేత ఆకును కోసి, కట్టలు కట్టి, ఎండబెట్టుదురు. అదియే బీడీ ఆకు. జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి, సిరిసిల్ల, కరీంనగర్, నిర్మల్ పట్టణములలోను, చుట్టుప్రక్కల పల్లెలలోను, పొరుగున ఉన్న నిజామాబాదు ప్రాంతమునందును లక్షల సంఖ్యలో స్త్రీలు ఆ ఆకుతో బీడీలు చుట్టుచున్నారు. సిరిసిల్లలో మగవారు మరమగ్గముల వద్దను, ఆడవారు చాటల వద్దను ఉన్న ఇండ్లు వీధివీధికి కనబడును. ఈ పనిలో హిందువులని, ముస్లిములని భేదము లేదు. ఒకే అరుగు మీద పద్మశాలి ఇంటి అత్తమ్మయు, ముస్లిం ఇంటి ఖాలాయు ప్రక్కప్రక్కన కూర్చుండి చుట్టుచుందురు.

చేతి వ్రేళ్లతో బ్రతుకు వారు మన ప్రాంతమున వీరు మాత్రమే కారు. కరీంనగర్ వెండి ఫిలిగ్రీ పనివారు సన్నని వెండి తీగెను మెలిపెట్టి నగిషీలు చేయుదురు. నిర్మల్ కళాకారులు కొయ్యబొమ్మలు చెక్కుదురు. నేతవారు, దర్జీలు, జరీ పని చేయు అమ్మాయిలు, స్వెట్టర్లు అల్లు వారు, క్రోషా పట్టి లేసు అల్లు వారు అందరును మణికట్టునే నమ్ముకొన్న వారు. ఇచ్చట బీడీ పనిని ఉదాహరణగా తీసికొన్నను, చెప్పబోవు సంగతులు ఊలు సూదులు పట్టిన చేతికిని వర్తించును.

ఒక రోజులో చేతికి పడు పని

ఒక బీడీ తయారగుటకు చేయి ఎన్ని పనులు చేయునో గమనింతము. తడిపి మెత్తపరచిన ఆకును కత్తెరతో నలుచదరముగా కత్తిరించుట మొదటిది. ఆ ముక్కలో తంబాకు పరచుట రెండవది. బొటనవ్రేలికి, చూపుడు వ్రేలికి, నడిమి వ్రేలికి మధ్య దానిని నొక్కి చుట్టుట మూడవది. దారముతో కట్టుట నాలుగవది. గోటితో గాని, చిన్న ఇనుప పుల్లతో గాని మూతి మడుచుట ఐదవది. ఈ ఐదింటిలోను బొటనవ్రేలికి విరామము లేదు.

ఒక స్త్రీ రోజునకు పది గంటలు కూర్చుండి ఎనిమిది వందల బీడీలు చుట్టుననుకొందము. పది గంటలనగా 36,000 సెకనులు. ఒక్కొక్క బీడీకి 45 సెకనులు పడును. బీడీకి ఐదు పనుల చొప్పున దినమునకు 4,000 మారులు ఆ వ్రేళ్లు నొక్కుట, మెలిపెట్టుట, లాగుట చేయవలెను. ఏడాదికి 300 దినములు పని దొరికినచో 2,40,000 బీడీలు. ఇరువది ఏండ్లకు 48 లక్షలు. ఇవి లెక్క తెలియుటకు వేసిన అంకెలు. కొందరు ఇంతకంటె తక్కువయు, కొందరు వేయి వరకును చుట్టుచున్నారు. యంత్రమైనను ఇంత కాలము నూనె లేక, నిలుపుదల లేక ఆడినచో అరిగిపోవును. పైగా ఈ చేయి చాట దించిన పిదప కూడ ఊరకుండదు. జొన్నరొట్టె తట్టవలెను, బట్టలు పిండవలెను, బిందె ఎత్తవలెను, అంట్లు తోమవలెను.

మణికట్టు నిర్మాణము

ఉర్దూలో కలాయి అనియు, తెలుగులో మణికట్టు అనియు మనము పిలుచు ఈ చోటు చూచుటకు చిన్నదియైనను మిక్కిలి ఇరుకైన కూడలి. ఇచ్చట ఎనిమిది చిన్న ఎముకలు రెండు వరుసలుగా అమరి, అరచేతి వైపు ఒక కాలువవలె వంగి ఉన్నవి. ఆ కాలువ మీద గట్టి పట్టీ వంటి సంధిబంధనము కప్పబడి ఉన్నది. అందుచేత అది సొరంగమైనది. దీనినే వైద్యులు కార్పల్ సొరంగమందురు. ముంజేతి కండరముల నుండి వ్రేళ్లకు పోవు తొమ్మిది స్నాయుబంధనములు ఈ సొరంగము గుండానే పోవును. స్నాయుబంధనములనగా కండరములను ఎముకలకు కలుపు తెల్లని త్రాళ్ల వంటివి. ఆ తొమ్మిది త్రాళ్లతో పాటు మీడియన్ నరము అను ఒక నరము కూడ అదే సొరంగములో దూరిపోవుచున్నది.

ఈ నరము బొటనవ్రేలికి, చూపుడు వ్రేలికి, నడిమి వ్రేలికి, ఉంగరపు వ్రేలి సగభాగమునకు స్పర్శజ్ఞానము నిచ్చును. బొటనవ్రేలి మొదట ఉబ్బెత్తుగా ఉన్న కండరములలో చాలవరకు దీని ఆజ్ఞకే లోబడి పనిచేయును. చిటికెన వ్రేలికి మాత్రము వేరొక నరము కలదు. ఆ నరము ఈ సొరంగములోనుండి పోదు. ఈ చిన్న భేదమును గుర్తుంచుకొనవలెను. ముందు దీని అవసరము కలదు.

త్రాళ్లు మాటిమాటికి రాచుకొన్నప్పుడు వాటి చుట్టు ఉన్న పొర ఉబ్బును. మణికట్టును ముందుకో వెనుకకో వంచి పనిచేసినచో సొరంగములో ఒత్తిడి మరింత హెచ్చును. ఎముకలు జరుగవు, పట్టీ సాగదు. అప్పుడు మిక్కిలి మెత్తనిదైన నరమే నలుగును.

నొప్పులలో రకములు

మన ఇండ్లలో చేతి నొప్పులన్నింటికిని పేరొక్కటే: "వాతము". మా అమ్మ కూడ అట్లే అనెడిది. అర్ధరాత్రి లేచి కూర్చుండి కుడిచేతిని విదిలించుకొనుచుండగా, ఏమైనదని నేనడిగినచో, "ఏం లేదు బిడ్డా, వాతం అచ్చింది, పండుకో" అని బదులు చెప్పెడిది. ప్రక్క ఇంటి ఖాలాకును అదే బాధ. ఆమె "హాథ్ సున్న్ హో గయా, బేటీ" అనెడిది. ఒకరు తిమ్మిరి అన్నను, మరొకరు సున్న్ అన్నను నరము చెప్పుకొను మాట ఒక్కటియే. అది వాతము కాదు, వయసు కాదు. వాస్తవముగా చేతి నొప్పులు పలు విధములు. వాటిలో ముఖ్యమైనవి ఇవి.

మొదటిది నరము నలుగుట. బొటనవ్రేలు మొదలుకొని మూడున్నర వ్రేళ్లకు తిమ్మిరి, సూదులు గ్రుచ్చినట్లుండుట దీని లక్షణములు. రాత్రి నిద్రలో మణికట్టు వంగి ఉండును గనుక బాధ రాత్రులందు హెచ్చును. చేయి విదిలించినచో తగ్గును. చిటికెన వ్రేలికి తిమ్మిరి ఉండదు. రెండు చేతుల వెనుక భాగములను ఒకదానికొకటి ఆనించి, వ్రేళ్లు క్రిందికి వ్రేలాడునట్లు మణికట్లను వంచి ఒక నిమిషము ఉంచినప్పుడు తిమ్మిరి పుట్టినచో ఈ వ్యాధిని అనుమానింపవచ్చును. జార్జ్ ఫాలెన్ అను అమెరికా వైద్యుని పేర ఈ పరీక్ష ప్రసిద్ధమైనది.

రెండవది బొటనవ్రేలి త్రాళ్ల వాపు. కత్తెర పట్టు వారికి ఇది తరచు వచ్చును. బొటనవ్రేలికి దిగువన, మణికట్టు ప్రక్కన నొప్పి ఉండును. పసిబిడ్డను ఎత్తుకొన్నప్పుడును, బట్ట పిండినప్పుడును పొడిచినట్లుండును. బొటనవ్రేలిని పిడికిలిలో మూసి చేతిని చిటికెన వ్రేలి వైపునకు మెల్లగా వంచినచో ఆ నొప్పి తెలియును. స్విట్జర్లాండు దేశపు శస్త్రవైద్యుడు ఫ్రిట్జ్ డి కెర్వాన్ 1895లో దీనిని వర్ణించెను.

మూడవది వ్రేలు పట్టివేయుట. మడిచిన వ్రేలు వెంటనే తెరచుకొనదు. కొంతసేపు బిగుసుకొని, టక్కున తెరచుకొనును. అరచేతిలో ఆ వ్రేలి మొదట చిన్న గడ్డ వలె తగులును. మధుమేహము గలవారికి ఇది హెచ్చు.

నాలుగవది పనితో మాత్రమే రాని కీళ్ల వ్యాధి. తెల్లవారి లేవగానే రెండు చేతుల కీళ్లు బిగుసుకొని గంటకు మించి సడలకున్నను, కీళ్లు వాచి వెచ్చగా ఉన్నను, దానికి వేరే వైద్యము కలదు. పనిలో మార్పులతో మాత్రమే అది నయము కాదు. ఆలస్యము చేసినచో కీళ్లు వంకరపోవును.

మూడు వందల ఏండ్లనాటి పరిశీలన

పని వలన చేయి చెడునను సంగతి నేడు కనుగొన్నది కాదు. ఇటలీ దేశమున బెర్నార్డినో రామజ్జిని అను వైద్యుడు శ్రామికుల వ్యాధులను గురించి 1700లో ఒక గ్రంథము వ్రాసెను. 1713లో దానిని పెంచి మరల ప్రకటించినప్పుడు లేఖకుల వ్యాధులను గురించి ఒక అధ్యాయము చేర్చెను. లేఖకుల బాధకు ఆయన చూపిన కారణములు మూడు: కదలక కూర్చుండుట, చేతిని ఎడతెగక ఒకే విధముగా ఆడించుట, తప్పు రాకూడదను మనస్సు ఒత్తిడి. జీవితమంతయు వ్రాతలో గడపిన ఒక లేఖకుని ఉదంతమును ఆయన చెప్పెను. కుడిచేయి పడిపోగా ఆ లేఖకుడు ఎడమచేతితో వ్రాయుట నేర్చుకొనెను. కొద్ది కాలమునకే ఎడమచేతికిని అదే వ్యాధి సోకెను.

ఈ ఉదంతము మన ఇండ్లకు సరిగా అతుకును. కదలక కూర్చుండుట మన తల్లులకు కలదు. ఒకే విధమైన కదలిక కలదు. బీడీ లావైనదనియో, ఆకు చిరిగినదనియో కార్ఖానాలో త్రోసివేయుదురేమోనను బెంగయు కలదు. త్రోసివేసిన బీడీకి కూలి లేదు. కూలి వేయి బీడీలకింత అని లెక్క గనుక, చేయి ఆగిన ప్రతి నిమిషమును కూలిలో కోతయే. నొప్పిని కనిపెట్టినను చేయి ఆగకపోవుటకు కారణము అజ్ఞానము మాత్రమే కాదు, ఈ లెక్కయు కారణమే.

ఇంట్లో చేయు పని పని కాదా?

మరియొక కారణము కూడ కలదు. పశ్చిమ గోదావరి ప్రాంతమున నరసాపురము చుట్టుప్రక్కల స్త్రీలు తరతరములుగా క్రోషా సూదితో లేసులు అల్లుచున్నారు. ఆ లేసులు విదేశములకు ఎగుమతి అగును. జర్మనీ దేశపు సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ వారి జీవితములను పరిశీలించి 1982లో ఒక గ్రంథము ప్రకటించెను. ఆమె చూపిన ముఖ్య విషయమేమనగా, ప్రపంచ విపణికి సరకు తయారుచేయుచున్న ఆ స్త్రీలను అందరును "ఇంట్లో ఊరక కూర్చున్న గృహిణులు" గానే ఎంచుచున్నారు. తీరిక వేళ చేసిన పనియని పేరు పెట్టుట వలన దానికి తగిన కూలి కూడ దక్కదు.

కూలి విషయమున ఆమె చెప్పిన దానిని మనము నొప్పి విషయమునకును అన్వయించుకొనవచ్చును. కార్ఖానాలో యంత్రము క్రింద వ్రేలు నలిగినచో అది ప్రమాదమని అందరును ఒప్పుకొందురు. ఇంట్లో చాట ముందు ఇరువది ఏండ్లలో మెల్లమెల్లగా నరము నలిగినచో దానికి పేరు వాతము, ముసలితనము, లేదా నుదుటి వ్రాత. పనిని పని అని గుర్తింపనప్పుడు పని వలన కలిగిన గాయమును ఎవరు గుర్తింతురు? ఇంటివారే గుర్తింపనిచో వైద్యునకు ఎవరు చెప్పుదురు?

మా ఇంట జరిగినది ఇదియే. అమ్మ రెండేండ్లు చేయి విదిలించుకొనుచునే చుట్టెను. ఒకరు పసరు కట్టిరి. మరియొకరు కాల్చి వాత పెట్టిరి. దుకాణములో కొన్న నొప్పి మాత్రలు కొన్ని నెలలు మ్రింగెను. ఒకనాడు చాయ గ్లాసు చేతిలోనుండి జారి పగిలినప్పుడు గాని మేము వైద్యుని వద్దకు పోలేదు. అప్పటికి బొటనవ్రేలి మొదటనున్న కండ కరిగి చదునై ఉండెను. శస్త్రచికిత్స జరిగినది, రాత్రి తిమ్మిరి పోయినది. కాని కరిగిన కండ పూర్తిగా తిరిగి రాలేదు. నేటికిని ఆమె సీసా మూత తిప్పలేదు. నేను జీవశాస్త్రము చదువుచున్న దానను. ఆ చేతిని ప్రతిదినము చూచియు, పాఠములో చదివినదానిని దానితో జోడించి చూడలేకపోతిని. ఈ వ్యాసము వ్రాయుటకు ప్రేరణ అదియే.

నొప్పి రాకుండ చేయవలసినవి

ఖర్చు లేక ఇంటివద్దనే చేయదగిన మార్పులు కొన్ని కలవు.

మొదటిది విరామము. విరామమనగానే కూలి పోవునను భయము కలుగును. కావున లెక్క వేయుదము. ఇరువదియైదు బీడీలకు ఒక కట్ట. ఒక కట్ట ముగిసిన ప్రతిసారి రెండు చేతులను ఒడిలో వదలివేసి అర నిమిషము ఊరకుండవలెను. ఎనిమిది వందల బీడీలకు 32 కట్టలు. 32 అర నిమిషములనగా 16 నిమిషములు. ఆ కాలములో చుట్టదగిన బీడీలు ఇంచుమించు ఇరువదియొకటి. అనగా దినమంతటి విరామమునకు మూల్యము ఒక కట్ట కంటె తక్కువ. చేయి చెడినచో పోవునది అన్ని కట్టలును.

రెండవది పనిని మార్చి మార్చి చేయుట. ఆకులన్నింటిని ఒక్క పట్టున కత్తిరింపరాదు. కొన్ని కత్తిరించి, కొన్ని చుట్టి, మరల కత్తిరించినచో ఒకే కండరము మీద భారము పడదు. ఊలు అల్లు వారు కూడ గంటల తరబడి ఒకే అల్లిక పట్టుకొని కూర్చుండరాదు.

మూడవది పనిముట్టు. మొద్దుబారిన కత్తెరకు రెట్టింపు బలము కావలెను. దానిని సాన పట్టించి, కీలునకు చుక్క నూనె వేయవలెను. వ్రేళ్లు దూర్చు రింగులకు మెత్తని గుడ్డ చుట్టినచో ఒరిపిడి తగ్గును. ఆకు చాలినంత తడిసి మెత్తబడిన పిదపనే చుట్టవలెను. అల్లు వారు సూదిని బిగించి పట్టుట మానవలెను. సన్నని క్రోషా సూది పిడికి గుడ్డ చుట్టి లావు చేసినచో పట్టు సులువగును.

నాలుగవది కూర్చుండు తీరు. వీపు గోడకు ఆనవలెను. చాట క్రింద చిన్న పీట గాని, మడచిన బొంత గాని పెట్టి కొంత ఎత్తు చేసినచో మెడయు, మణికట్టును వంగవు. మోచేతులు ప్రక్కలకు దగ్గరగా ఉండవలెను. గంటకొకసారి లేచి నాలుగడుగులు వేయవలెను.

ఐదవది చిన్న వ్యాయామము. వ్రేళ్లను చాచి, పిదప కొక్కెము వలె మడిచి, తరువాత పిడికిలి మూసి, తిరిగి చాపవలెను. ఇట్లు మెల్లగా ఐదు మారులు, దినమునకు రెండు మూడు పర్యాయములు చేయవచ్చును. నొప్పి హెచ్చినచో ఆపివేయవలెను. బలవంతము పనికిరాదు.

ఇవి చెప్పుట సులభము. ఇంట్లో మిగిలిన పని ఎవరు చేయుదురు? బట్టలు పిండుట, బిందె ఎత్తుట మన చేతులతో చేయవచ్చును. ఈ మాట విద్యార్థినులకు మాత్రమే చెప్పినది కాదు. బట్ట పిండుటకు విద్యార్థి చేయి మరింత బలమైనది.

నొప్పి వచ్చిన పిదప

తిమ్మిరి రాత్రులందు మాత్రమే ఉన్న దశలో మణికట్టు వంగకుండ పట్టీ కట్టుకొని నిద్రించుట మంచి ఉపాయము. మందుల దుకాణములలో ఇట్టి పట్టీలు దొరకును. చేయి తిన్నగా ఉండవలెను గాని పట్టీ బిగుతుగా ఉండరాదు. బిగించినచో నరము మరింత నలుగును. బిగుసుకొన్న చేతికి గోరువెచ్చని నీటి కాపడము సుఖమిచ్చును. క్రొత్తగా వాచిన చోట చల్లని తడిగుడ్డ మేలు.

నొప్పి మాత్రలు కొన్ని దినములు వైద్యుని సలహాపై వాడవచ్చును. నెలల తరబడి సొంతముగా మ్రింగినచో కడుపులో పుండు పడును, మూత్రపిండములు చెడును. తిమ్మిరెక్కిన చేతిని గట్టిగా మర్దించుట, కాల్చి వాత పెట్టుట వలన నరము మీది ఒత్తిడి తొలగదు. పైగా స్పర్శ తెలియని చర్మమునకు గాయమగును. నొప్పి ఉన్న చోట స్టెరాయిడ్ ఇంజెక్షను కొందరికి మేలు చేయును గాని దానిని శిక్షణ పొందిన వైద్యుడే ఇవ్వవలెను. మధుమేహము, థైరాయిడ్ లోపము ఉన్నవారికిని, గర్భిణులకును నరము నలుగుట హెచ్చు. కావున రక్తపరీక్ష చేయించుట అవసరము. గర్భిణులకు ప్రసవము తరువాత చాలవరకు దానంతటదియే తగ్గును.

తిమ్మిరి పగలు కూడ పోకుండ ఉన్నను, వస్తువులు చేజారుచున్నను, గుండీ పెట్టుట కష్టమైనను, బొటనవ్రేలి మొదటి కండ చదునగుచున్నను ఇక ఇంటి ఉపాయములు చాలవు. వెంటనే ఎముకల వైద్యుని చూడవలెను. సొరంగము మీది పట్టీని కోసి నరమునకు చోటు కల్పించు శస్త్రచికిత్స చిన్నది. సాధారణముగా చేతికి మాత్రమే మత్తు ఇచ్చి చేయుదురు. కండ కరుగకముందు చేసినచో ఫలితము బాగుండును. కరిగిన పిదప మా అమ్మకు వలె సగమే దక్కవచ్చును. వైద్యునితో "నొప్పి" అని ఊరకుండక, ఏ వ్రేళ్లకు, ఏ వేళ, ఏ పని చేయునప్పుడు అను సంగతియు, చిటికెన వ్రేలికి తిమ్మిరి ఉన్నదా లేదా అను సంగతియు చెప్పవలెను. బీడీలు చుట్టుదునని కూడ తప్పక చెప్పవలెను.

పూర్వము ఇట్టి వైద్యమునకు హైదరాబాదు పోవలసి వచ్చెడిది. ఆదిలాబాదులో 2008లో రిమ్స్ వైద్య కళాశాల ఏర్పడెను. 2022, 2023 సంవత్సరములలో జగిత్యాల, మంచిర్యాల, రామగుండము, కరీంనగర్, సిరిసిల్ల, నిర్మల్, ఆసిఫాబాదులలో ప్రభుత్వ వైద్య కళాశాలలు ఆరంభమైనవి. దూరము మునుపటివలె అడ్డంకి కాదు.

చట్టము కలదు - కార్డు కావలెను

బీడీ కార్మికుల పని పరిస్థితులను గురించి పార్లమెంటు 1966లో ప్రత్యేక చట్టము చేసెను. ఇంటివద్ద చుట్టు వారిని కూడ ఆ చట్టము కార్మికులుగా గుర్తించెను. వారి సంక్షేమ నిధికై 1976లో మరియొక చట్టము వచ్చెను. ఇంటివద్ద చుట్టు వారికిని భవిష్య నిధి వర్తించునని సుప్రీంకోర్టు 1985లో తీర్పు చెప్పెను. 1966 నాటి చట్టము స్థానమున, దానిని కలుపుకొని, వృత్తి భద్రత, ఆరోగ్యము, పని పరిస్థితుల స్మృతిని పార్లమెంటు 2020లో ఆమోదించెను. రాష్ట్రమున 2014లో ఆరంభమైన ఆసరా పింఛనులలోనికి బీడీ కార్మికులను తరువాత చేర్చిరి. కేంద్ర కార్మిక శాఖ ఆధ్వర్యమున బీడీ కార్మికులకు డిస్పెన్సరీలును, వారి పిల్లలకు విద్యార్థి వేతనములును కలవు.

అయినను వీటన్నింటికి మొదటి మెట్టు గుర్తింపు. తన పేర కాక అత్త పేరనో, పొరుగువారి పేరనో ఆకు తెచ్చుకొని చుట్టు స్త్రీకి కాగితము మీద ఉనికి లేదు. ఆమె చేతికి నొప్పి ఉన్నది గాని కార్డు లేదు.

మన కర్తవ్యము

విద్యార్థినీ విద్యార్థులారా! ఈ వ్యాసము చదివిన దినముననే మీ తల్లిని గాని, మేనత్తను గాని, ప్రక్క ఇంటి ఖాలాను గాని ఒక్క ప్రశ్న అడుగుడు: "రాత్రి చేయి తిమ్మిరెక్కి లేచుచున్నావా?" అవునన్నచో ఏ వ్రేళ్లకో అడుగుడు. రెండు అరచేతులను వెలుగులో ప్రక్కప్రక్కన పెట్టి బొటనవ్రేళ్ల మొదటి కండను పోల్చి చూడుడు. ఈ పరీక్షకు పైసా ఖర్చు లేదు. ఒక్క నిమిషము చాలును. ఆ ఒక్క నిమిషము మా ఇంట రెండేండ్లు ఆలస్యమైనది.

కళాశాల కమిటీ వారికి ఒక మనవి. ఏటేట మనము క్రీడలకును, సాహిత్య సభలకును దినములు కేటాయించుచున్నాము. అట్లే ఏడాదికి ఒక దినము విద్యార్థుల తల్లుల చేతులను ఒక వైద్యునిచే పరీక్ష చేయించు ఏర్పాటు గావింపవలెను. ఆనాడే కార్డు లేనివారి దరఖాస్తులను ఉర్దూ, తెలుగు తెలిసిన విద్యార్థులు నింపి పెట్టవచ్చును. రెండు భాషలును చదువుకొన్న మనకంటె ఆ పనికి తగినవారెవరు?

రెక్కాడినంత కాలము మన డొక్క ఆడినది, మన చదువు సాగినది. ఆ రెక్కను కాపాడుట ఇప్పుడు మన వంతు.